పదిహేడు సున్నాలు

బీకరక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఇరవై రెండేళ్ళు గాజుసామాను కడిగిన మనిషి. చేతిలో బీకరు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు కనక పేరు దానంతటదే అతుక్కుంది. ఆమ్లాలూ సబ్బునీళ్ళూ కలిసి ఆమె వేళ్ళ మీద గీతల్ని అరగదీశాయి. పొద్దున్నే హాజరు యంత్రం మీద వేలు పెడితే 'మళ్ళీ ప్రయత్నించండి' అనేది. "నేనూ మనిషినేనని దీనికి రోజూ రుజువు చూపించాలి," అని విసుక్కునేది.

కొత్త ప్రయోగశాల కట్టారు. అందులోకి గాజుసామాను కడిగే యంత్రం వచ్చింది. బీకరక్కను 'విద్యార్థి మనోక్షేమ కేంద్రం'లోకి మార్చారు. బదిలీ కాగితం ఇచ్చిన గుమస్తా తనకు తోచినట్టు ఓదార్చాడు: "అక్కడ పగిలేవేమీ ఉండవు. హాయిగా కూర్చోవచ్చు."

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. పగలు వీధి మొగలో కొట్టు, సాయంత్రం ఇంట్లో కిటికీ పక్కన బల్ల. సంగతి విని, కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే అన్నాడు: "అంటే బీకర్లు పోయి బుర్రలొచ్చాయన్నమాట. వాటినేం పెట్టి కడుగుతారు?"

"కడగడం నా పని కాదట. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం, కాగితం ఇవ్వడం, కాగితం తీసుకోవడం."

"మంచిదే. కాగితం చెయ్యి జారినా పగలదు."

కేంద్రం అంటే పరిపాలనా భవనంలో కింది అంతస్తున రెండు గదులు. ముందుగదిలో బీకరక్క బల్ల, ఆరు కుర్చీలు, మంచినీళ్ళ డబ్బా. లోపలి గదిలో సలహాదారు మేడం. పదకొండు వేలమంది విద్యార్థులకు ఆవిడ ఒక్కతే. ముప్పై దాటని మనిషి, పదకొండు నెలలకోసారి కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టే ఉద్యోగం. పక్కనే ఫీజు కౌంటరు. ముందుగదికి నిలువెత్తు అద్దం తలుపు. మనసు గురించి మాట్లాడటానికి సిగ్గుపడక్కర్లేదని అందరికీ తెలియాలని విద్యార్థి సంక్షేమం చూసే డీన్ గారే పట్టుబట్టి అద్దం పెట్టించారు. ఫీజు కట్టడానికి గంటలకొద్దీ వరుసలో నిలబడే పిల్లలకు వేరే పనేముంది? లోపల ఎవరు కూర్చున్నారో, ఎవరు కళ్ళు తుడుచుకుంటున్నారో చూస్తూ నిలబడేవారు. నెల తిరక్కుండానే ఆ గదికి 'చేపలతొట్టి' అని పేరొచ్చింది.

బీకరక్క అద్దానికి పాత వార్తాపత్రికలు అతికించింది. డీన్ గారు వచ్చి పీకించారు. కుర్చీల్ని గోడవైపు తిప్పింది. అది మాత్రం ఆయన గమనించలేదు.

రెండో ఏడు సేవల్ని మెరుగుపరచాలని కమిటీ వేశారు. అంతకుముందు సంవత్సరం హాస్టల్లో జరగరానిది ఒకటి జరిగింది, పత్రికల్లో పడింది. దాని వేడి ఇంకా ఆరలేదు. కమిటీ మూడుసార్లు సమావేశమై ఒక కాగితం కనిపెట్టింది. అందులో పదిహేడు ప్రశ్నలు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, బతకడం దండగ అనిపిస్తోందా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా అంకె వేయాలి. మొత్తం పదిలోపు వస్తే 'ధైర్యమే మీ మిత్రుడు' అనే కరపత్రం చేతిలో పెట్టి పంపేయాలి. పదికీ ముప్పైకీ మధ్య వస్తే మేడం దగ్గర ఇరవై నిమిషాలు. ముప్పై దాటితే మేడం చూడకముందే ఇంటికో ఉత్తరం, హాస్టల్ వార్డెన్‌కో ఉత్తరం, శాఖాధిపతికో ఉత్తరం. రేపు ఏదైనా జరిగితే 'మేం ముందే చెప్పాం' అనడానికి విశ్వవిద్యాలయం దగ్గర మూడు నకళ్ళు ఉంటాయి.

కూడిక బీకరక్క చేసేది.

పిల్లలు వెర్రివాళ్ళు కారు. ముప్పై దాటితే ఇంటికి ఉత్తరం పోతుందని వారంలో హాస్టలంతా పాకిపోయింది. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది. అంతకంటే కప్పుకుని తిరగడం మేలనుకున్నారు. అంకెలు తగ్గాయి. డీన్ గారు గోడమీద ఆ అంకెల గీత గీయించి, కిందికి దిగుతున్న ఆ గీతను చూసి మురిసిపోయారు.

ఆ రోజుల్లోనే వచ్చింది, మంగళవారం పిల్ల.

భౌతికశాస్త్రం మూడో సంవత్సరం. సన్నగా, పొడుగ్గా, ఎవరో ఇప్పుడే నిద్ర లేపితే వచ్చినట్టు ఉండేది. మొదటి మంగళవారం పదకొండింటికి వచ్చి కాగితం నింపి ఇచ్చింది. బీకరక్క కూడబోయి ఆగింది. పదిహేడూ సున్నాలే.

"సున్నా వచ్చిందమ్మా."

"సరేనండీ."

"సున్నా వస్తే లోపలికి పంపరు. కరపత్రమిస్తారు."

"ఇవ్వండి." పుచ్చుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇక్కడ కాసేపు కూర్చోవచ్చా?"

అరగంట గోడకేసి చూస్తూ కూర్చుంది. గ్లాసెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. తర్వాతి మంగళవారం అదే వేళకు వచ్చింది. పదిహేడు సున్నాలు, కరపత్రం, అరగంట, నీళ్ళు. ఆ పై మంగళవారమూ అంతే.

మేడంకు కనబడనిది బీకరక్కకు కనబడటానికి కారణం ప్రయోగశాలే. ఒకే ప్రయోగం మూడుసార్లు చేసి మూడుసార్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే రీడింగు తెచ్చిన విద్యార్థిని అక్కడ ఎవరూ మెచ్చుకోరు. చెయ్యి వణుకుతుంది, కన్ను పొరబడుతుంది, చుక్క ఎక్కువో తక్కువో పడుతుంది. మరీ శుభ్రంగా ఉన్న రీడింగు దొంగ రీడింగు. పరీక్షలున్న పిల్లకు నిద్రలో ఒకటైనా పడాలి, హాస్టల్ తిండి తినే పిల్లకు ఆకలిలో ఒకటైనా పడాలి. పదిహేడు సున్నాలు బతికున్న మనిషికి రావు.

నాలుగో మంగళవారం బీకరక్క తన కుర్చీ తెచ్చి ఆ పిల్ల పక్కన వేసుకుంది.

"ఏమే, హాస్టల్లో అన్నం బాగుంటోందా?"

"బాగుంటుందండీ."

"అబద్ధమాడితే అతికినట్టుండాలి. ఆ అన్నం బాగుందన్న మనిషిని ఇరవై నాలుగేళ్ళలో ఇవాళే చూస్తున్నా."

పిల్ల పెదవి ఒక పక్కకు వంగింది. నవ్వంటే నవ్వు, కాదంటే కాదు.

"ఆ కాగితంలో నిజం రాస్తే ఎంతొస్తుంది?"

పిల్ల గోడతో చెబుతున్నట్టు అంది: "నలభై నాలుగు. ఒకసారి గదిలో వేసుకుని చూశాను. చింపేశాను."

"అయ్యో తల్లీ."

"ఇంటికి చెప్పకూడదక్కా. మా అక్కకూ ఇలాగే అయింది, డిగ్రీ రెండో ఏడులో. నాన్న వచ్చి తీసుకుపోయారు. నయమయ్యాక పంపిస్తామన్నారు. ఆరేళ్ళయింది. వెనక గదిలో ఉంటుంది. చుట్టాలొస్తే తలుపు వేస్తారు. నాన్న చెడ్డవాడు కాదు. లారీ నడుపుతాడు, ఇంట్లో ఉండేదే తక్కువ. ఆయనకు వేరే దారి తెలీదు. నేను ఇక్కణ్ణుంచి కదిలితే మళ్ళీ రాను. ఇక్కడ ఉంటేనే నాకేమైనా దారి."

"మరి ప్రతి వారం ఎందుకొస్తున్నావు, సున్నాలు వేసుకుంటూ?"

"సున్నా వేసినా ఎవరో ఒకరు లోపలికి రమ్మంటారేమోనని."

ఆ మధ్యాహ్నం బీకరక్క లోపలి గది తలుపు తట్టింది. మేడం కంప్యూటర్ తెర చూపించింది. "సున్నా వచ్చినవాళ్ళ పేరే నాకు కనబడదు బీకరక్కా. ముప్పై దాటినవాళ్ళు నాదాకా రాకముందే ఇంటికి వెళ్ళిపోతున్నారు. మధ్యలోవాళ్ళే నాకు మిగులుతున్నారు. పరీక్షలంటే భయం, రూమ్మేటుతో గొడవ. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నేను."

"మీరు అన్నం ఎప్పుడు తింటారు?"

"ఒంటిగంటకి."

"అప్పుడు తెర కట్టేస్తారుగా?"

మేడం ఆమెను ఎగాదిగా చూసింది. "మీరు గాజుసామాను కడిగారా, మనుషుల్ని కడిగారా?" అని నవ్వి, సరేనంది.

అలా మూడు మంగళవారాలు జరిగాయి. ఒంటిగంటకు ఫీజు కౌంటరు మూస్తారు, వరుస చెదిరిపోతుంది, అద్దం అవతల చూసే కళ్ళు ఉండవు. కాగితం లేదు, అంకె లేదు. ఆ పిల్ల లోపలికి వెళ్ళేది, బీకరక్క గుమ్మం దగ్గర కాపలా కూర్చునేది. రెండోసారి బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయిగానీ భుజాలు కిందికి దిగాయి. మేడం సర్కారు ఆసుపత్రిలో ఒక డాక్టరుతో మాట్లాడింది. వచ్చే వారం తనే తోడు వెళ్ళి చూపిస్తానంది. మందులు వాడుతూ చదువుకున్నవాళ్ళు తనకు చాలామంది తెలుసని చెప్పిందట. మూడోసారి పిల్ల పోతూపోతూ, "అక్కా, నిన్న హాస్టల్ అన్నం నిజంగా బాగాలేదు," అంది. బీకరక్కకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఇంట్లో చెబితే భర్త అన్నాడు: "ఇద్దరూ దొంగతనంగా వైద్యం చేస్తున్నారన్నమాట. పట్టుబడితే?"

"పట్టుబడటానికి ఏం దొంగిలించాం?"

"అంకె దొంగిలించారుగా. ఆఫీసుల్లో దానికే శిక్ష ఎక్కువ."

ఆ పై మంగళవారానికి మేడం లేదు. విశ్వవిద్యాలయ విద్యార్థుల మానసిక ఆరోగ్య సేవల్ని మెరుగుపరచడం ఎలాగన్న సదస్సుకు మూడు రోజులు పంపారు. వెళ్ళనంటే ఒప్పందం సంగతి గుర్తుచేశారు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఇంకో వారం వెనక్కి పోయింది.

ఒంటిగంట అయింది, రెండయింది, పిల్ల రాలేదు. బీకరక్క గదికి తాళం వేసి హాస్టల్‌కు నడిచింది. రెండో అంతస్తు, చివరి గది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మంచం కింద రెండు పూటల భోజనం పళ్ళేలు ముట్టుకోకుండా ఎండిపోయి ఉన్నాయి. మేడం నంబరుకు చేస్తే ఫోను కట్టేసి ఉంది.

"వెళ్ళిపోండక్కా. మీకు పనుంటుంది."

"నా పని ఇదే. లే."

లేవలేదు. గంటసేపు పక్కన కూర్చుని, బతిమాలి, తిట్టి, అరటిపండు సగం తినిపించింది. ఆ పిల్ల నమలడం కూడా ఎవరో అప్పజెప్పిన పనిలా నమిలింది. పక్కగది అమ్మాయిని పిలిచి, కదలకుండా ఇక్కడే కూర్చోమని చెప్పి బీకరక్క బయటపడింది.

మెట్లు దిగుతుంటే ఆమెకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. పదేళ్ళ కిందట ఒక ఫ్లాస్కు మెడమీద సన్నటి పగులు చూసి, సాయంత్రం చెబుదాంలే అని ఊరుకుంది. మధ్యాహ్నమే అది ఒక విద్యార్థిని చేతిలో పేలింది. ఆ అమ్మాయి చూపుడువేలు మళ్ళీ వంగలేదు. అప్పట్నుంచీ బీకరక్కకు ఒకటే నియమం. తేడా కనబడితే ఆ గంటలోనే పుస్తకంలో రాయాలి, పెద్దవాళ్ళ బల్లమీద పెట్టాలి. ప్రయోగశాలలో దాన్ని 'తేడాల పుస్తకం' అనేవారు. రాస్తే శాఖాధిపతి వచ్చి చూసేవాడు, పగిలినదాన్ని తీయించేవాడు, కొత్తది తెప్పించేవాడు. రాయడమంటే బాగుపడటమేనని ఆమె చేతులకు అలవాటు.

కేంద్రంలోనూ అలాంటి పుస్తకం ఒకటి పెట్టుకుంది. అప్పటిదాకా కుళాయి కారుతోందనీ, ఫ్యాను తిరగడం లేదనీ మాత్రమే రాసింది. ఇప్పుడు కూర్చుని పిల్ల పేరు రాసింది, గది నంబరు రాసింది. 'నాలుగు వారాలు కాగితంలో అన్నీ సున్నాలే వేసింది. నిజం నలభై నాలుగు. రెండు పూటలుగా తిండి లేదు. ఒంటరిగా ఉంచకూడదు. వెంటనే డాక్టరు కావాలి. ఇంటికి పంపవద్దు' అని రాసి, చివరి మాట కింద రెండు గీతలు కొట్టింది. తీసుకెళ్ళి డీన్ గారి బల్లమీద పెట్టింది.

ఆయన రెండుసార్లు చదివారు. మొహం వెలిగింది.

"అన్నీ సున్నాలు వేసేవాళ్ళే అసలు ప్రమాదంలో ఉన్నారంటావు! ఇంత చిన్న విషయం కమిటీలో ఒక్కరికీ తట్టలేదే. భేష్."

"డాక్టరు సార్..."

"చూద్దాం, చూద్దాం. ముందు వాళ్ళ నాన్న ఫోన్ నంబరు తీయించు."

"ఇంటికి వద్దని రాశాను సార్. అక్కడికి వెళ్తే మళ్ళీ రానివ్వరు. మేడం ఎల్లుండి వచ్చేస్తారు, అప్పటిదాకా నేను పక్కన పడుకుంటాను. ఆసుపత్రి పక్కనే ఉంది, ఇప్పుడే తీసుకుపోతాను, మీరు ఒక్క కాగితం ఇవ్వండి చాలు."

"నలభై నాలుగని నువ్వే రాశావు," అన్నారు డీన్ గారు, గొంతు పెంచకుండా. "తెలిశాక ఊరుకుంటే బాధ్యత ఎవరిది? పోనీ నీదని రాసిస్తావా?"

రాసిస్తానని అనాల్సిందని బీకరక్క తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి తండ్రి వచ్చాడు. ఎక్కడో దారిలో లారీ క్లీనరుకు అప్పజెప్పి, మూడు బస్సులు మారి వచ్చాడు. చొక్కామీద గ్రీజు మరక. పిల్లను చూసి, "ఏంట్రా బంగారం, నాకు చెప్పొద్దా?" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట గట్టిగా అనలేదు. ఒక ఏడాది వైద్యకారణాలపై సెలవు అని రాసిన కాగితం ఆయన ముందు పెట్టారు. తిరిగి చేరాలంటే పూర్తిగా నయమైందని ధ్రువపత్రం తేవాలి. విద్యార్థిని ఇకమీదట విశ్వవిద్యాలయం బాధ్యత కాదని కింద ఒక వాక్యం. చదవకుండానే సంతకం పెట్టాడు. బీకరక్క ఆసుపత్రి డాక్టరు పేరు చీటీమీద రాసి ఆయన జేబులో పెట్టింది. "ఇక్కడే చూపించి తీసుకెళ్ళండన్నా. ఒక్క రోజు."

"ఊళ్ళో ఉన్నారమ్మా డాక్టర్లు. ముందు ఇంటికి చేరనీ." ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరే చెప్పారట కదా. మీరు లేకపోతే నా బిడ్డ ఏమైపోయేదో. మీ రుణం తీర్చుకోలేను తల్లీ."

ఆ మాట కంటే చెంపదెబ్బ నయమనిపించింది ఆమెకు.

పిల్ల వరండాలో పెట్టెమీద కూర్చుని ఉంది. బీకరక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నేను ఇంటికి వద్దనే రాశానే. రెండు గీతలు కొట్టి రాశాను."

"రాశారుగా," అంది పిల్ల.

కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బీకరక్క బతికిపోయేది.

మూడో రోజు మేడం తిరిగొచ్చి సంగతంతా వింది. "దాచిపెట్టాల్సిన సంగతి కాదు ఇది," అంది. "మీరు చెప్పడం తప్పు కాదు బీకరక్కా. అలాంటి స్థితిలో చెప్పి తీరాలి. చెబితే చెయ్యడానికి వీళ్ళ దగ్గర ఉన్నది ఒక్కటే పని, అదే వచ్చిన తంటా." ఆ మాట ఎంత నిజమో అంత ఎందుకూ పనికిరాలేదు.

మేడం ఆ ఇంటికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. నెల తర్వాత ఒకరోజు బీకరక్క చేస్తే తండ్రి ఎత్తాడు. వెనక లారీ ఇంజిను శబ్దం.

"బాగానే ఉందమ్మా. డాక్టరెందుకు, ఇంటికొచ్చాక ఏ గొడవా లేదు. మాట్లాడటం కాస్త తగ్గించింది, అంతే. అక్కాచెల్లెళ్ళిద్దరినీ ఒకే గదిలో ఉంచాం, ఒకళ్ళకొకళ్ళు తోడుంటారని."

"ఒక్కసారి ఫోనివ్వండన్నా, మాట్లాడతాను."

"నేను దారిలో ఉన్నానమ్మా. ఇంటికెళ్ళాక చేయిస్తాను."

చేయించలేదు. ఆమె మళ్ళీ మళ్ళీ చేసింది. కొన్నాళ్ళకు ఆ నంబరు పనిచేయడం మానేసింది.

కేంద్రం మాత్రం మెరుగుపడింది. అన్నీ సున్నాలు వేసిన కాగితాన్ని ముప్పై దాటినదానితో సమానంగా చూడాలని కొత్త నియమం వచ్చింది. సున్నా వచ్చినా మూడు ఉత్తరాలే. సంగతి హాస్టల్‌కు పాకడానికి ఈసారి వారం కూడా పట్టలేదు. పిల్లలు అక్కడో ఒకటి, ఇక్కడో రెండు చల్లడం నేర్చుకున్నారు. ఎవరి కాగితం చూసినా పధ్నాలుగో పదిహేనో. దొంగ రీడింగుల్ని పట్టుకోగలిగిన ఒక్క కన్నుకూ ఇప్పుడు ఏదీ కనబడటం లేదు. సంవత్సరాంతపు నివేదికలో డీన్ గారు 'క్షేత్రస్థాయి సిబ్బంది సూచన' అని రాసి, ఆ సూచనతో ప్రమాదస్థాయి కాగితాలు పూర్తిగా మాయమయ్యాయని చేర్చారు.

బీకరక్క బదిలీకి దరఖాస్తు పెట్టింది. ఎందుకని అడిగితే కారణం రాయలేకపోయింది. కారణం లేని దరఖాస్తు చెల్లదన్నారు.

"మానెయ్యరాదూ?" అన్నాడు భర్త. ఈసారి భూతద్దం తీసే అన్నాడు.

"మానేస్తే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు."

"కూర్చోనీ."

"వాళ్ళకి కూడిక ఒక్కటే తెలుసుంటుంది."

ఆయన మళ్ళీ భూతద్దం తగిలించుకున్నాడు.

కొత్త విద్యాసంవత్సరం మొదలైన మూడో వారంలో ఒక అమ్మాయి వచ్చింది. మొదటి సంవత్సరం, మెడలో గుర్తింపు కార్డు ఇంకా తళతళలాడుతోంది. కాగితం తీసుకుంది, కలం తీసింది, మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

"ఆంటీ, ఇందులో నిజం రాస్తే ఏమవుతుంది?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఆమెను ఎవరూ నేరుగా అడగలేదు. 'ఏం కాదమ్మా, రాయి' అనమని ఉద్యోగం చెబుతోంది. ఆ పిల్ల కళ్ళకింద నల్లటి చారలు ఉన్నాయి.

"ముప్పై దాటితే మీ ఇంటికి ఉత్తరం వెళ్తుంది," అంది బీకరక్క. "అన్నీ సున్నాలేసినా వెళ్తుంది."

"మీకు చెబితే?"

బీకరక్క బల్లమీది తేడాల పుస్తకం వైపు చూసింది.

"నాకు చెప్పినా వెళ్తుంది."

ఆ అమ్మాయి కలం మూత పెట్టింది. కాగితాన్ని జాగ్రత్తగా, మడత పడకుండా బల్లమీద వెనక్కి జరిపింది. "థాంక్సండీ," అని లేచి, ఫీజు వరుసలో నిలబడ్డవాళ్ళంతా చూస్తుండగా బయటికి నడిచింది.

బీకరక్క లేచి నిలబడింది. వెనక్కి పిలుద్దామనుకుంది. దేనికోసం రమ్మనాలో తెలియక అలాగే నిలబడిపోయింది.